సారె చిప్ప మీద బియ్యపు నత్తలు

నమోదు 611

మా ఓడలోని ఆల్చిప్పల గది బాగోగులు రోజూ రాసి పంపాలని ఓడల మండలి వారి ఆజ్ఞ కాబట్టి రాస్తున్నాను. నీళ్ళ వేడి సరిగానే ఉంది. ఉప్పు సరిగానే ఉంది. పంపు మాత్రం నిన్నటిలాగే మూలుగుతోంది. కొత్తది పంపమని ఎన్నిసార్లు రాశానో మీకే తెలియాలి, నేను లెక్క పెట్టడం మానేశాను.

ఇవాళ మా ఇంటికి కోడలు వచ్చింది. పేరు బంగారి. దక్షిణాన లంగరు వేసి ఉన్న గంగమ్మ ఓడ పిల్ల. మా అబ్బాయి ఎల్లాజీ పెళ్ళి బట్టల్లోనే పంపు దగ్గర కూర్చుని దాని నోట్లో నూనె పోస్తుంటే, ఆ పిల్ల పక్కన నిలబడి దీపం పట్టుకుంది. నాకు నచ్చింది.

ఆడపిల్లను పంపేటప్పుడు సారెతో పాటు పుట్టింటి తొట్టిలోని ఆల్చిప్పను ఒకదాన్ని ఇచ్చి పంపడం మాలో ఆచారం. అత్తింట్లో పిల్ల ముద్ద నోట పెట్టకముందే ఆ సారె చిప్ప నీళ్ళలో దిగాలి. బయటి నుంచి వచ్చిన ఏ జీవినైనా నెల రోజులు వేరే తొట్టిలో ఎడంగా ఉంచాలన్న మీ నియమం నాకు తెలుసు. రాయి వచ్చినా, పీత వచ్చినా ఉంచుతాను. సారె చిప్పను మాత్రం ఎవరూ ఉంచరు. దాన్ని ఎడం తొట్టిలో ఆపితే కోడలిని గుమ్మం బయట నిలబెట్టినట్టే లెక్క. నా కోడలిని నేను నిలబెట్టను. ఎర్రగుడ్డ మీద మోసుకొచ్చి, నా సారె చిప్ప పక్కనే దింపాను. నాది పెళ్ళప్పుడు అరచేతిలో పట్టింది, ఇప్పుడు ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు.

బంగారి చిప్ప మహా అందగత్తె. నీళ్ళలో దిగిన కాసేపటికే పైట పరిచింది. చిప్ప అంచుల మీదుగా బయటకు పరుచుకునే రంగుల కండను మేము పైట అంటాం. దీనిది నీలం, అంచున పచ్చ చుక్కలు. ఓడలో ఆడవాళ్ళంతా నిచ్చెన దిగి వచ్చి చూసిపోయారు.

నమోదు 619

చేపల గది నుంచి వచ్చే మురికినీరు ఇవాళ నా గది దాటాక కూడా కాస్త మసగ్గా ఉంది. ఇలా ఎప్పుడూ లేదు. ఆల్చిప్పలే కదా ఆ నీటిని శుభ్రం చేసి తిరిగి చేపలకు పంపేది. వాటికేదో ఒంట్లో బాగాలేదు.

బంగారి చిప్ప పైట సగమే పరుస్తోంది. చెయ్యి నీడ పడితే టక్కున మూసుకోవలసింది, తీరిగ్గా మూసుకుంటోంది. ఆ పిల్ల పనులన్నీ ముగించుకుని వచ్చి గట్టు మీద కూర్చుంటుంది. అన్నం తినమంటే తింటానంటుంది, తినదు. కొత్త నీళ్ళు, అలవాటు పడడానికి టైము పడుతుందని నచ్చజెప్పాను. నా మాట నేనే నమ్మలేదు.

నమోదు 623

ఇవాళ రాసేది దాచకుండా రాస్తున్నాను. కళ్ళు బాగా తెరుచుకుని చదవండి.

బంగారి చిప్పను మెల్లగా ఎత్తి అడుగున తడిమాను. బొడ్డు దగ్గర, అంటే అది రాతిని పట్టుకునే సందులో, ఏదో గరుకుగా తగిలింది. చెయ్యి బయటకు తీస్తే వేళ్ళకు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. గింజలకు కొమ్ములుండవు. వీటికి ఉన్నాయి. బియ్యపు నత్తలు. పగలంతా అడుగున దాక్కుంటాయి, చీకటి పడగానే అంచు మీదికి ఎక్కి, పైటలోకి గొట్టం లాంటి మూతి గుచ్చి రసం పీలుస్తాయి. చిప్ప పొలుసుల మధ్య గంజి చుక్కల్లా వాటి గుడ్లు కూడా ఉన్నాయి. 

బంగారి వాటిని చూసి బెదరలేదు. అదే నాకు విచిత్రంగా తోచింది. అడిగితే అప్పుడు చెప్పింది.

"ఇయ్యి మా ఓడలో ఎప్పుడూ ఉండీవి అత్తా. గీతల సేపలు ఏరుకు తినేసీవి. ఇయ్యి సిప్పల్ని సంపుతాయని నాకు తెల్దు."

మా గదిలో గీతల చేపలు లేవు. ఓడ నుంచి ఓడకు చేపలు మార్చకూడదని మీరే అన్నారు. అంటే ఆ పిల్ల పుట్టింట్లో ఎవరికీ పట్టని పురుగు, ఇక్కడ అడ్డూ ఆపూ లేకుండా పెరిగింది. పక్కనున్న చిప్పల్ని వరసగా తడిమాను. అన్నింటికీ అంటింది. నా దానికీ అంటింది.

బంగారి అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను. తరువాత ఇద్దరం కలిసి పాత పళ్ళ బ్రష్షులు వెతికాం.

నమోదు 624

నిన్నటి నమోదు మీకంటే ముందు మా బావ చెవిలో పడింది. మా బావ గురయ్య, నా మొగుడికి అన్న, ఈ ఓడకు పెద్ద. అందరినీ పైన డెక్కు మీద కూర్చోబెట్టాడు. నత్త ఉందని తేలితే మండలి వాళ్ళు నీళ్ళలో మైలుతుత్తం కలుపుతారని, తుత్తం పడితే నత్తలతో పాటు చిప్పలూ పగడాలూ చస్తాయని, రాళ్ళు ఆ విషాన్ని పీల్చుకుంటాయి కాబట్టి ఆ గదిలో మళ్ళీ ఏ చిప్పా బతకదని చెప్పాడు. అదంతా నిజమే. అప్పుడిక నీళ్ళు శుభ్రం చేసే యంత్రం కోసం మండలి కాళ్ళ దగ్గర పడి ఉండాలి. ఉత్తరాన మూడు ఓడలు అలాగే పడి ఉన్నాయి.

అంతవరకూ బాగానే చెప్పాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"సూడు దేముడమ్మా. ఆ గంగమ్మ ఓడ పిల్ల తెచ్చిన సిప్పని సముద్రంలో ఒగ్గీ. పిల్లని కొన్నాళ్ళు పుట్టింటికి పంపీ. తప్పు మనది కాదని మండలోళ్ళకి సెప్పుకోడానికి ఒక మాటుంటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. సారె చిప్పను సముద్రంలో పడేయడమంటే ఏమిటో అక్కడ కూర్చున్న ప్రతి ఆడదానికీ తెలుసు. చిప్ప పోయిన పిల్ల తిరిగి రాదు. సముద్రంలో ఇప్పుడు ఏదీ బతకదు, ఆ నీళ్ళు చిప్ప గుల్లనే కరిగించేస్తాయి. బంగారి నా వెనక నిలబడి ఉంది. ఎల్లాజీ లేవబోతే వాడి భుజం నొక్కి కూర్చోబెట్టాను, ఇది మగపిల్లవాడు అరిచి తేల్చే సంగతి కాదు.

"పంపితే పంపు బావా. ఆ పడవలో నన్నూ ఎక్కించు. మీ గది మీరు సూసుకోండి."

గది చూసుకోవడం వాళ్ళెవరికీ రాదు. బావ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఏమీ తేల్చకుండానే అందరూ లేచారు.

నమోదు 626

నత్తలు చీకట్లోనే పైకి వస్తాయి. రాత్రయితే గది తలుపులకు మీ తాళం పడిపోతుంది, మమ్మల్ని లోపల ఉండనివ్వరు. పగలు మీ దీపాలు ఆరవు, వాటి మీట మీ దగ్గరే ఉంది. మరి మేమేం చేయాలి? మధ్యాహ్నమే చీకటి చేశాం.

వలతాళ్ళు అడ్డంగా కట్టి, వాటి మీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పరిచాం. నా పెళ్ళి దుప్పటి కూడా. కింద ఒక్క ఎర్ర దీపం పెట్టుకున్నాం, ఎరుపు వాటి కంటికి ఆనదు. కాసేపటికి ఎక్కడెక్కడివో బయటకు వచ్చాయి. చిప్ప అంచుల చుట్టూ తెల్లగా, బియ్యం చెరిగి పోసినట్టు. నేను పట్టకారుతో ఏరుతుంటే బంగారి బ్రష్షుతో పొలుసు పొలుసూ తోమి గుడ్లు రాల్చింది. రాతిని పట్టుకున్న పోగుల్ని లాగకుండా, బొడ్డు చిరగకుండా తియ్యడానికి ఓపిక కావాలి. నాకంటే దాని చెయ్యి మెత్తన. తోమిన చిప్పను, ఇంకా అంటుకున్న నత్తలు చచ్చేలా మంచినీళ్ళలో ఒక్క క్షణం ముంచి తీసి లోపల పెట్టాం. ఆ మంచినీళ్ళు మా తాగేవాటిలోంచి తీసినవే.

గదిలో పగటిపూట చీకటి పడిందని మీ యంత్రం మీకు చెప్పిందట. వైరులెస్సులో చయనులు గారు పిలిచారు. మా ఓడల తనిఖీ అధికారి ఆయన. మర్యాదస్తుడు, నన్ను గారు అనకుండా ఎప్పుడూ పిలవడు. మధ్యాహ్నం పూట చీకటి ఎందుకైందని అడిగారు. చిప్పలకు నిద్ర చాలడం లేదన్నాను. ఆయన నవ్వలేదు. నమోదులు చదివానని, నత్త ఉందని నేనే రాశానని, నియమం ప్రకారం తుత్తం తీసుకుని రాక తప్పదని అన్నారు.

"రాసింది నానే బాబూ. ఎయ్యండి, ఆ కాయితం మీద ఎయ్యండి మీ తుత్తం."

 ఆ నియమంలో రెండో సగం ఆయనకూ తెలుసు. వెనకటికి ఎవరో కోపం కొద్దీ పక్క ఓడ మీద అబద్ధపు ఫిర్యాదు రాస్తే, మీరు చూడకుండా తుత్తం పోసి జబ్బులేని తొట్టిని చంపారు. ఆ గొడవయ్యాక మీరే మార్చుకున్నారు. రాసినదాన్ని బట్టి కాదు, అధికారి తన చేత్తో పట్టి, సాక్షి ముందు సీసాలో వేసిన నత్త ఉంటేనే మందు వేయాలి. వస్తాను, నా కళ్ళతో చూస్తాను అని చయనులు గారు వైరులెస్సు కట్టేశారు. రండి. ఓడ ఎక్కడికీ పోదు.

నమోదు 630

ఇద్దరి చేతుల వల్ల అయ్యే పని కాదిది. ఇవాళ పడవలు కట్టే ఇంటి నుంచి చిట్టెమ్మ దిగి వచ్చింది. తన సారె చిప్పను తానే తోముకుంటానంది. దాని వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకో నలుగురు. వచ్చినవాళ్ళు ఊరికే తోముతారా? ఈ జబ్బు ఎవరి వల్ల వచ్చిందో బంగారికి వినబడేలా చెప్పుకుంటూ తోమారు. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, బ్రష్షు ఎలా పట్టాలో, గుడ్లు ఎక్కడ దాక్కుంటాయో చూపించింది. సాయంత్రానికి గొణుగుడు తగ్గింది. మనసు మారి కాదు, నడుములు నొప్పి పుట్టి.

ఇంటింటికీ తాగేనీళ్ళు ఒక చెంబు తగ్గించాం. బావ ఇంటి నుంచి మాత్రం నీళ్ళు రాలేదు.

చీకటి ఎక్కువ పెట్టినా ప్రమాదమే. చిప్పకు వెలుగే తిండి. అందుకే రోజుకు ఒక పూట మాత్రమే దుప్పట్లు వేసి, తీసేస్తున్నాం. తీసిన ప్రతిసారీ అందరం గట్టు మీద నిలబడి ఎవరిది పైట పరుస్తుందో చూస్తున్నాం.

నమోదు 634

నా చిప్ప చచ్చిపోయింది.

పొద్దున్నే దిగేసరికి నోరు తెరుచుకుని ఉంది. వేలు పెట్టినా మూసుకోలేదు. పైట జారిపోయి అడుగున ముద్దగా పడింది. మా అమ్మ నా ఒళ్ళో పెట్టి పంపిన చిప్ప. నా మొగుడు పోయిన రోజున దీని పక్కనే కూర్చున్నాను, ఎల్లాజీ పుట్టినప్పుడు దీనికే ముందు చూపించాను. గట్టు మీద కూలబడి, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా ఏడ్చాను.

బంగారి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. విదిలించుకున్నాను. నీ చిప్ప రాకపోతే నాది బతికేదని అన్నాను. అనకూడదు, అన్నాను. ఆ పిల్ల నీళ్ళలోకి దిగి, కుళ్ళు మిగతా చిప్పలకు అంటకుండా నా చిప్పను తాళ్ళతో కట్టి, ఎల్లాజీతో కలిసి పైకి లాగింది. ఖాళీ గుల్లను కడిగి నా ముందు పెట్టింది. తరువాత ఒక సంచీ సర్దుకుని వచ్చి, ఎప్పుడు పడవ ఎక్కమంటే అప్పుడు ఎక్కుతానంది.

ఆ సంచీ లాక్కుని దాంట్లో ఉన్న బట్టలన్నీ తీసి, చీకటికి చాలని చోట తాడు మీద ఆరేశాను. వెలుగు రాకుండా ఇంకో రెండు గజాలు మూతపడింది. చేతికి బ్రష్షు ఇచ్చాను. ఇద్దరం దాని చిప్పనే ముందు తోమాం. నా చిప్ప ఎలాగూ పోయింది. ఇది కూడా పోతే ఆ నత్తలకూ మీకూ నేను లొంగిపోయినట్టే. లొంగను.

నమోదు 641

చయనులు గారు ఇవాళ వచ్చారు. పడవలో తుత్తం డబ్బాలు నీలంగా పేర్చి ఉన్నాయి. నియమం ప్రకారం ఓడ పెద్దను సాక్షిగా వెంటబెట్టుకుని గదిలోకి దిగారు. వెనక ఆడవాళ్ళమంతా దిగాం. గదిలో ఎప్పుడూ ఇంతమంది నిలబడలేదు.

నత్తలు పోయాయని నేను రాయను. పోలేదు. చాలా తగ్గాయి, ఏరి ఏరి వేళ్ళ చర్మం ఊడింది, అయినా ఎక్కడో ఒకటీ అరా ఉంటూనే ఉన్నాయి. నీళ్ళు మాత్రం తేటబడ్డాయి. చిప్పలు పైటలు పరుస్తున్నాయి. బంగారి చిప్ప మొత్తంగా పరిచింది, నీలమంతా కనబడుతోంది. ఆయన దాన్ని చూస్తూ కొంతసేపు నిలబడిపోయారు. ఎవరిదని అడిగితే చెప్పాను.

ఆయన తన పనికి ఏమీ తక్కువ చేయలేదు. దీపాల మీద దుప్పట్లు వేయించారు, ఎర్ర దీపం పట్టుకుని వంగి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ లేదు.  అప్పుడు బంగారి చిప్ప అంచు మీదికి ఒకటి ఎక్కింది. ఒక్కటే. ఆయన పట్టకారుతో దాన్ని తీసి, రెండో చేత్తో సీసా మూత విప్పబోయారు.

నేను చెయ్యి చాచి, పట్టకారు కొసన ఉన్నదాన్ని తీసి నోట్లో వేసుకున్నాను. పళ్ళ కింద చిన్నగా పటుక్కుమంది. మింగాను.

"దేముడమ్మగారూ, ఏం చేశారు మీరు?"

ఆకలేసిందని చెప్పాను. ఇంకా వెతకమన్నాను, దొరికినవన్నీ నాకే పెట్టమన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఇది అధికారి విధికి అడ్డురావడమని, రాసి పైకి పంపిస్తానని అన్నారు. పంపండి, నేనూ రాసి పంపిస్తాను, మండలి రెండూ చదువుకుంటుందన్నాను. ఆయన మళ్ళీ వంగారు. చిట్టెమ్మ చిప్ప కింద ఇంకొకటి దొరికింది. ఈసారి పట్టకారును నా నుంచి దూరంగా పెట్టుకున్నారు, అటు పక్క బంగారి ఉందని మరిచిపోయారు. బంగారి దాన్ని తిని, కొంగుతో మూతి తుడుచుకుంది.

మూడోది నా చిప్ప ఉండిన ఖాళీ రాతి మీద దొరికింది. చయనులు గారు ఇక మా ఎవరి వైపూ చూడలేదు. నేరుగా మా బావ దగ్గరికి నడిచారు. నత్తను బావ అరచేతిలో పెట్టి, గుప్పిట మూయించారు. బావ మీద మాకు చెయ్యి వేసే ధైర్యం ఉండదని అధికారి అంచనా. నిజమే, ఎవరికీ లేదు. బావ మాట మీద ఓడంతా నడుస్తుంది. ఆయన దాన్ని నత్త అంటే ఇక మిగిలింది డబ్బాలు విప్పడమే.

"పెద్దాయనా, మీరు సాక్షి. మీ చేతిలో ఉన్నదేమిటో అందరూ వినేలా చెప్పి సీసాలో వేయండి."

బావ గుప్పిట తెరిచి చూశాడు. ఎర్ర దీపం దగ్గరికి తీసుకుని చూశాడు. తరువాత తల ఎత్తి బంగారిని చూశాడు. తోమి తోమి చేతులు పగిలిపోయి, తడిబట్టలతో నిలబడి ఉంది ఆ పిల్ల. సంచీ సర్దుకుని వచ్చిన రోజు సంగతి బావకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఓడలో ఏ సంగతీ ఆగదు. 

"మెతుకు బాబూ," అన్నాడు బావ. "మా కోడలు ఇక్కడే కూకుని సద్దన్నం తింటాది."

నోట్లో వేసుకున్నాడు. పళ్ళు లేవు కదా, నమలకుండానే మింగాడు. గుటక పడడం అందరం విన్నాం.

చయనులు గారు ఖాళీ సీసాకు మూత పెట్టారు. నత్త పట్టుబడలేదని రాసి, బావ చేత వేలిముద్ర వేయించారు. నిచ్చెన ఎక్కబోతూ ఆగి, దుప్పట్లు మరీ ఎక్కువసేపు ఉంచకండి, చిప్పలు నీరసపడతాయని చెప్పారు. అది తెలుసని చెప్పి, కొత్త పంపు సంగతి గుర్తు చేశాను. పడవ డబ్బాలతోనే వెళ్ళింది.

జరిగింది జరిగినట్టు రాశాను. ఈ నమోదు మీద ఎన్ని డబ్బాలు కుమ్మరించుకుంటారో కుమ్మరించుకోండి. ఇవాళ బావ ఇంటి నుంచి రెండు చెంబుల మంచినీళ్ళు వచ్చాయి. రేపు మళ్ళీ తోముతాం.